జీ లీగ్‌లో ఆడించాలా, ఎన్‌బీఏ బెంచీ మీద ఉంచాలా? కుర్రాళ్ల విషయంలో మీ అభిప్రాయం చెప్పండి

ఫ్రిస్కో రవి
అందరికీ నమస్కారం. మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు డల్లాస్ మావరిక్స్ వాళ్లకు, కుర్రాళ్లను తయారుచేసే కింద లీగ్ అయిన జీ లీగ్‌లో ఉన్న జట్టు టెక్సస్ లెజెండ్స్. ఆ జట్టు ఆడేది మా ఊళ్లోనే. టికెట్ చవక, పిల్లల్ని తీసుకెళ్లడం తేలిక, అందుకని చలికాలంలో తరచూ వెళ్తుంటాం. మన తెలుగు కుటుంబాలు కూడా బాగానే కనిపిస్తాయి. ఆ కుర్రాళ్లను దగ్గర నుంచి చూస్తున్న కొద్దీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. 19, 20 ఏళ్ల ఆటగాడికి పెద్ద జట్టు రొటేషన్‌లో (మ్యాచ్‌లో మార్చి మార్చి ఆడించేవాళ్లలో) చోటు లేకపోతే, ట్రాక్ సూట్ వేసుకుని బెంచీ చివర కూర్చునే బదులు కింద లీగ్‌లో 35 నిమిషాలు ఆడటమే మేలు.

రూడీ గోబేర్‌నే తీసుకోండి. 2013 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు వరసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) 27వ పిక్. మొదటి ఏడాది యూటా జాజ్‌లో మ్యాచ్‌కి సగటున 10 నిమిషాలు కూడా ఆడలేదు. మధ్యమధ్యలో బేకర్స్‌ఫీల్డ్ జామ్ అనే డీ-లీగ్ (జీ లీగ్ పాత పేరు) జట్టుకు పంపేవాళ్లు. అదే మనిషి 2018, 2019, 2021, 2024లో డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్. అయినా మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరినైనా జీ లీగ్‌కి పంపారనగానే 'అయిపోయింది వీడి పని' అంటారు. అలా ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు. మీరేమంటారు?

లేకర్స్ లలిత
రవి గారూ, మంచి టాపిక్. కానీ నేను మీతో ఏకీభవించను.

జీ లీగ్‌లో 25 పాయింట్లు కొట్టడం వేరే ఆట. అక్కడ డిఫెన్స్ వదులుగా ఉంటుంది, స్పీడు ఎక్కువ, ఓపెన్ షాట్లు బోలెడు. కుర్రాడు అక్కడ అలవాటు చేసుకున్న డ్రిబుల్ మూవ్ ఎన్‌బీఏలో ఒక్కసారి కూడా పనిచేయదు. ఎందుకంటే ఇక్కడ రెండో డిఫెండర్ అప్పటికే వచ్చి నిలబడి ఉంటాడు. పెద్ద జట్టుతో ఉంటే స్కౌటింగ్ రిపోర్ట్ ఎలా చదవాలి, సీనియర్లు శరీరాన్ని ఎలా కాపాడుకుంటారు, వీడియో గదిలో ఎలాంటి ప్రశ్నలు అడుగుతారు, ఇవన్నీ రోజూ కళ్లముందే ఉంటాయి.

ఆస్టిన్ రీవ్స్ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని ఆటగాడు. 2021లో టూ-వే కాంట్రాక్ట్‌తో (ఎన్‌బీఏ, జీ లీగ్ రెండింట్లోనూ ఆడే ఒప్పందం) మా లేకర్స్‌కి వచ్చాడు, సీజన్ మొదలుకాకముందే మామూలు కాంట్రాక్ట్ ఇచ్చారు. లెబ్రాన్ పక్కన ఆడుతూనే ఎదిగాడు. కోబీ బ్రయంట్ 1996లో 18 ఏళ్ల వయసులో వచ్చి మొదటి ఏడాది మ్యాచ్‌కి సుమారు 15 నిమిషాలు ఆడాడు. 1997 ప్లేఆఫ్స్‌లో యూటా మీద ఆఖరి నిమిషాల్లో వరసగా ఎయిర్‌బాల్స్ (రింగుకు కూడా తగలని షాట్లు) వేశాడు. ఆ దెబ్బ ఎన్‌బీఏ కోర్టు మీద తిన్నాడు కాబట్టే అతనికి దాని విలువ తెలిసింది. అప్పట్లో చిన్న లీగ్‌కి పంపి ఉంటే ఏం నేర్చుకునేవాడు?

ఫ్రిస్కో రవి
లలిత గారూ, మీ ఉదాహరణలు రెండూ నా వైపే వస్తున్నాయి కదా. ఇద్దరికీ నిమిషాలు దొరికాయి. నేనడుగుతున్నది నిమిషాలే దొరకని కుర్రాడి గురించి. పైగా రీవ్స్ నాలుగేళ్లు కాలేజీ ఆడి 23 ఏళ్ల వయసులో వచ్చాడు.

మిసిసాగా మధు
ఇలాంటి చర్చ వస్తే టొరంటో రాప్టర్స్ అభిమానులు మాట్లాడకుండా ఉండలేం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

పాస్కల్ సియాకమ్ 2016లో 27వ పిక్. అదే స్థానంలో ఆడే సలింజర్ పాదానికి గాయం కావడంతో మొదటి రోజు నుంచే స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురిలో ఒకడు) అయ్యాడు. ఆ సీజన్‌లో మొత్తం 38 మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు. కానీ చేసిందేమిటి? పరిగెత్తడం, స్క్రీన్ పెట్టడం (డిఫెండర్‌కి అడ్డంగా నిలబడటం), రీబౌండ్ కోసం దూకడం. బంతి చేతికి వస్తే వెంటనే సీనియర్లు లౌరీకో డెరోజన్‌కో ఇచ్చేయాలి. కొత్త ఏడాదిలో చోటు పోయింది, ఫిబ్రవరిలో అదే స్థానానికి ఇబాకా వచ్చాడు, ఇక దారి మూసుకుపోయింది. అప్పుడు కింద జట్టు రాప్టర్స్ 905కి పంపారు. ఆ జట్టు ఆడేది ఇక్కడే, మా మిసిసాగాలో. కోచ్ జెర్రీ స్టాక్‌హౌస్.

ఇక్కడ అతనికి బంతి చేతికిచ్చారు. రీబౌండ్ తీసుకుని తనే కోర్టంతా డ్రిబుల్ చేసుకుంటూ వెళ్లనిచ్చారు. తప్పులు చేశాడు, కానీ తప్పు చేసినంత మాత్రాన బయటికి లాగలేదు. 2017 ఏప్రిల్‌లో 905 జట్టు రియో గ్రాండ్ వ్యాలీ వైపర్స్‌ను ఓడించి టైటిల్ గెలిచింది. ఫైనల్స్ ఎంవీపీ సియాకమ్. అదే జట్టులో ఫ్రెడ్ వాన్‌వ్లీట్ కూడా ఉన్నాడు. రెండేళ్ల తర్వాత ఇద్దరూ ఎన్‌బీఏ చాంపియన్లు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. మధ్యలో 2017-18 సీజన్ ఒకటుంది. ఆ ఏడాది సియాకమ్, వాన్‌వ్లీట్, పోల్టిల్, డెలాన్ రైట్ కలిసి రాప్టర్స్ రెండో యూనిట్‌గా ఆడారు. అది కూడా బెంచే! కానీ ప్రతి మ్యాచ్‌లోనూ ఒక టైం, ఒక పని ఉన్న బెంచ్. అందుకే బెంచ్ అనే మాట వాడేటప్పుడు ఏ బెంచో తేల్చుకోవాలి. ఆరో, ఏడో, ఎనిమిదో మనిషిగా ఉండటం ఒకటి. 13వ మనిషిగా టవల్ ఊపడం మరొకటి.

గుంటూరు గార్డ్
మధు అన్నా, సూపర్ పోస్ట్. 👏 మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఐపీఎల్, రంజీ లాంటిదే కదా ఇది. నితీశ్ కుమార్ రెడ్డి 2023లో సన్‌రైజర్స్ తరఫున రెండే మ్యాచ్‌లు ఆడాడు, బ్యాటింగే రాలేదు. వెనక్కొచ్చి ఆంధ్రకు రంజీ ఆడాడు. 2024 ఐపీఎల్‌లో ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు, అదే ఏడాది డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ. డగౌట్‌లోనే కూర్చుని ఉంటే ఇదంతా జరిగేదా?

బే ఏరియా భాస్కర్
నితీశ్ విషయంలో మీరన్నది నిజం, కానీ పోలిక పూర్తిగా కుదరదు తమ్ముడూ. రంజీలో ఆంధ్ర గెలవాలని ఆడతారు, ఆ ట్రోఫీకి దానికంటూ ఒక బరువుంది. జీ లీగ్‌లో జట్టు గెలుపు కంటే పైనుంచి వచ్చే ఫోన్ కాల్ ముఖ్యం. ఎందుకో డబ్బు లెక్క చూస్తే తెలుస్తుంది.

జీ లీగ్ మామూలు కాంట్రాక్ట్ సీజన్ మొత్తానికి 40 వేల డాలర్ల పైచిలుకు. 2024-25లో కొత్త ఆటగాడికి ఎన్‌బీఏ 10 రోజుల కాంట్రాక్ట్ దొరికితే 66 వేల పైన వస్తుంది. అంటే పది రోజుల్లో ఏడాది జీతం కంటే ఎక్కువ. టూ-వే వాళ్లకు ఆ ఏడాది 5 లక్షల 78 వేలు. పైజట్టు అసైన్‌మెంట్ మీద పంపిన డ్రాఫ్ట్ కుర్రాడికి అతని ఎన్‌బీఏ జీతం అతనికే. ఇలా మూడు రకాల మనుషులు ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో ఉంటారు. 40 వేలకు ఆడుతున్న 26 ఏళ్ల గార్డ్ (బంతి నడిపించే ఆటగాడు) తన షాట్ వదులుకుని మీ 19 ఏళ్ల సెంటర్‌కి (రింగు దగ్గర ఆడే పొడుగు ఆటగాడికి) బంతి ఎందుకిస్తాడు? అతన్ని తప్పు పట్టను, అది అతని జీవితం. కానీ ఆ కుర్రాడి ఎదుగుదల మీద ఆ ప్రభావం పడి తీరుతుంది.

మా గోల్డెన్ స్టేట్ వారియర్స్ సంగతి రాత్రికి రాస్తాను, ఇప్పుడు మీటింగ్ ఉంది.

హైదరాబాద్ హూప్స్
చిన్న ప్రశ్న. మన సత్నామ్ సింగ్ కూడా రవి గారు చెప్పిన లెజెండ్స్‌కే ఆడాడు కదా? 2015లో డల్లాస్ డ్రాఫ్ట్ చేసినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను, హాస్టల్లో పండగ చేసుకున్నాం. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి ఎంపికైన మొదటి ఆటగాడు. తర్వాత ఎందుకు ముందుకెళ్లలేదు? చిన్న లీగ్ మంచిదైతే అతనికెందుకు పనిచేయలేదు?

ఫ్రిస్కో రవి
మంచి ప్రశ్న. సత్నామ్ 52వ పిక్, 7 అడుగుల 2 అంగుళాలు. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లె నుంచి ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి, అక్కణ్నుంచి కాలేజీ ఆడకుండా నేరుగా డ్రాఫ్ట్‌కి వచ్చాడు. లెజెండ్స్‌తో రెండు సీజన్లు ఉన్నాడు కానీ అక్కడ కూడా ఎక్కువ సమయం బెంచీ మీదే. ఆడిన రోజుల్లో కూడా కొద్ది నిమిషాలే. జీ లీగ్‌కి పంపడమంటే ఆడించడమే అని నేను మొదటి పోస్టులో అనుకుని రాశాను. అతని విషయంలో పంపారు, కానీ ఆడించలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయమిది.

మిసిసాగా మధు
దీనికి జతగా సిమ్ భుల్లర్ కథ కూడా చెప్పుకోవాలి. మా టొరంటో కుర్రాడు, 7 అడుగుల 5 అంగుళాలు, భారత సంతతి నుంచి ఎన్‌బీఏలో అడుగుపెట్టిన మొదటి ఆటగాడు, 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో తరఫున. అంతకుముందు ఆ సీజన్ ఆడింది శాక్రమెంటో కింద జట్టు రెనో బిగ్‌హార్న్స్‌కి. ఆ ఏడాది రెనోలో గ్రినెల్ కాలేజీ పద్ధతి పెట్టారు. కోర్టంతా ప్రెస్ చేయడం, ఆటగాళ్లను గుంపులుగా మార్చడం, వీలైనంత తొందరగా త్రీ (మూడు పాయింట్ల షాట్) వేసేయడం. పై జట్టు శాక్రమెంటో ఆడే ఆటకూ దీనికీ పోలికే లేదు. అంత పొడుగు, అంత బరువున్న మనిషి ఆ పరుగుపందెంలో ఏం నేర్చుకోవాలి? జీ లీగ్‌ని ప్రయోగశాల అంటారు, నిజమే. కోచ్ ఛాలెంజ్ (రిఫరీ నిర్ణయాన్ని కోచ్ సవాలు చేయడం) కూడా ఎన్‌బీఏకి రాకముందు అక్కడే పరీక్షించారు. కానీ ఆ ప్రయోగంలో కుర్రాళ్ల భవిష్యత్తు ఉందని మర్చిపోకూడదు.

బే ఏరియా భాస్కర్
మాటిచ్చినట్టు వారియర్స్ సంగతి. ఒకే జట్టు, ఒకే జీ లీగ్ అనుబంధం, ఇద్దరు కుర్రాళ్లు. ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ చర్చకు దొరకదు.

మొదట జోర్డన్ పూల్. 2019లో 28వ పిక్. ఆ ఏడాది స్టార్లు కర్రీ, క్లే ఇద్దరూ గాయాలతో బయటే, జట్టు 15 గెలుపులు, 50 ఓటములతో అట్టడుగున ఉంది. పూల్‌కి నిమిషాలకు కొదవ లేదు. ఫలితం? షూటింగ్ 33 శాతం, త్రీలు 28 శాతం లోపే. లలిత గారు చెప్పిన పద్ధతిలో ఎన్‌బీఏ కోర్టు మీదే ఎదిగే అవకాశం వచ్చింది, కానీ మునిగిపోయాడు. నమ్మకం పూర్తిగా పోయింది. 2021 ఫిబ్రవరిలో కోవిడ్ వల్ల జీ లీగ్ సీజన్ ఓర్లాండోలో ఒకేచోట జరిగింది. అక్కడికి మా జీ లీగ్ జట్టు శాంతాక్రూజ్ వారియర్స్‌తో పంపారు. మ్యాచ్‌కి 20కి పైగా పాయింట్లు కొట్టాడు. తిరిగొచ్చాక చూస్తే మనిషే మారిపోయాడు. 2022లో టైటిల్ జట్టులో ముఖ్యమైన ఆటగాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. శాంతాక్రూజ్ జట్టు పైజట్టు ప్లేలే ఆడుతుంది. అదే మోషన్, అవే కట్‌లు, అవే పేర్లు. బంతితో అతను ఏ పని చేయాలని పైన కోరుకున్నారో కింద కూడా అదే పని ఇచ్చారు.

ఇప్పుడు జేమ్స్ వైజ్‌మన్. 2020లో రెండో పిక్. కాలేజీలో ఆడింది మూడే మ్యాచ్‌లు. అంత తక్కువ అనుభవమున్న 19 ఏళ్ల సెంటర్‌ని నేరుగా కర్రీ, డ్రేమండ్ పక్కన నిలబెట్టారు. ఆ జట్టులో సెంటర్ అంటే ఎప్పుడు స్క్రీన్ పెట్టాలి, ఎప్పుడు వదలాలి, బంతి ఎటు ఇవ్వాలి, అన్నీ క్షణంలో తేల్చాలి. 39 మ్యాచ్‌ల తర్వాత మోకాలి గాయం, తర్వాతి సీజన్‌లో ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. 2022 నవంబర్‌లో శాంతాక్రూజ్‌కి పంపారు. అప్పటికే ఆలస్యమైంది. 2023 ఫిబ్రవరిలో ట్రేడ్ చేసేశారు. గాయం లేకపోతే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ మొదటి ఏడాదే శాంతాక్రూజ్‌లో వంద తప్పులు చేయనిచ్చి ఉంటే బాగుండేదని నా గట్టి నమ్మకం. రెండో పిక్‌ని కింద లీగ్‌కి పంపితే పరువు పోతుందని అందరూ ఆలోచిస్తారు. 2010లో ఇంకో రెండో పిక్ హషీమ్ థబీట్‌ని పంపినప్పుడు ఎంత గోల జరిగిందో గుర్తుందా?

లేకర్స్ లలిత
భాస్కర్ గారూ, పూల్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ వైజ్‌మన్ కథలో అసలు లోపం జట్టు తొందరలో ఉంది. ఒకపక్క టైటిల్ కోసం ఆడుతూ, ఇంకోపక్క వైజ్‌మన్, కుమింగా, మూడీలను పెంచాలనుకున్నారు. టైటిల్ కోసం ఆడే కోచ్ తప్పు చేసిన కుర్రాణ్ని రెండు నిమిషాల్లో కూర్చోబెడతాడు. యానిస్‌ని చూడండి, ఒక్కరోజు కూడా డీ-లీగ్‌కి వెళ్లలేదు. కానీ మొదటి ఏడాది మిల్వాకీ 15 మ్యాచ్‌లే గెలిచింది, అతనికి దాదాపు 25 నిమిషాలు దొరికాయి. ఓడిపోయే జట్టులో తప్పులకు చోటుంటుంది. గెలిచే జట్టులో ఆ చోటు శాంతాక్రూజ్ లాంటి చోటే ఇవ్వాలి. ఆ మేరకు నా మొదటి మాటను సవరిస్తున్నాను.

విజయవాడ కోచ్
పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను, ఈ చర్చ చూసి ఊరుకోలేకపోయాను. బెంచీ మీద ఉన్నా ప్రాక్టీస్‌లో నేర్చుకుంటాడు కదా అని చాలామంది అంటారు. 82 మ్యాచ్‌ల సీజన్‌లో పూర్తిస్థాయి ప్రాక్టీస్‌కి ఖాళీ ఎక్కడుంది? ప్రయాణాలు, వరుస రోజుల్లో మ్యాచ్‌లు, సీనియర్లకు విశ్రాంతి. పొద్దున షూట్‌అరౌండ్, వీడియో, అసిస్టెంట్ కోచ్‌తో విడిగా కాసేపు షూటింగ్, ఆడనివాళ్లంతా కలిసి త్రీ-ఆన్-త్రీ. ఇవి మంచివే. కానీ అలసిపోయిన కాళ్లతో, నాలుగో క్వార్టర్‌లో, రెండు పాయింట్ల తేడాతో ఉన్నప్పుడు పిక్ అండ్ రోల్‌లో (స్క్రీన్ పెట్టి రింగు వైపు దూసుకెళ్లే ఎత్తుగడ) ఎటు వెళ్లాలో ఖాళీ జిమ్‌లో ఎవరూ నేర్పలేరు.

నా పిల్లల్లో కూడా చూస్తాను. బాగా ఆడే పెద్ద పిల్లల టీంలో ఎక్స్‌ట్రాగా కూర్చున్నవాడికి ఆట తెలుస్తుంది, కానీ కాలు కదలదు. తన వయసు టీంలో ప్రతి మ్యాచ్ ఆడినవాడు తప్పులు చేస్తాడు, మర్నాడు వచ్చి ఆ తప్పు గురించి అడుగుతాడు. ఆ అడగడంలోనే ఎదుగుదల ఉంది. ఆడనివాడికి అడగడానికి ప్రశ్నే ఉండదు.

మరో మాట. జట్ల మధ్య దూరం కూడా చూడాలి. సౌత్ బే లేకర్స్ ఆడేది లేకర్స్ ప్రాక్టీస్ చేసే బిల్డింగ్‌లోనే. పొద్దున పైజట్టుతో, సాయంత్రం కింద జట్టుతో ఆడొచ్చు. అదే మయామీ కుర్రాడు వాళ్ల జీ లీగ్ జట్టున్న సూఫాల్స్‌కి వెళ్లాలంటే ఫ్లోరిడా నుంచి సౌత్ డకోటా చలిలోకి వెళ్లాలి. రెండూ ఒకటే లీగ్, కానీ అనుభవం ఒకటి కాదు.

గుంటూరు గార్డ్
కోచ్ గారూ, అయినా మయామీ దగ్గరే ఎక్కువమంది తయారయ్యారు కదా? డంకన్ రాబిన్సన్ డ్రాఫ్ట్ కాలేదు, టూ-వే మీద సూఫాల్స్‌లో ఆడాడు, 2020 ఫైనల్స్‌లో ఆడాడు.

విజయవాడ కోచ్
నిజమే తమ్ముడూ. ఎందుకంటే పైన ఏ పనికి కావాలో ఆ పనే కింద చేయించారు. రాబిన్సన్‌ని అక్కడ పాయింట్ గార్డ్‌గా ఆడించలేదు. పరిగెత్తుతూ వచ్చి బంతి పట్టుకుని త్రీ వేయించారు, వేలసార్లు. దూరం కష్టమే, కానీ పని స్పష్టంగా ఉంటే దూరాన్ని దాటొచ్చు.

నైంటీస్ నరసింహ
పాతకాలం సంగతి ఒకటి. జెర్మెయిన్ ఓనీల్ 1996లో 17వ పిక్‌గా పోర్ట్‌లాండ్‌కి స్కూల్ నుంచి నేరుగా వచ్చాడు. ముందు రషీద్ వాలెస్, సబోనిస్, బ్రయన్ గ్రాంట్ ఉన్నారు. నాలుగేళ్లు కూర్చున్నాడు. అప్పటికి డీ-లీగే లేదు, అది 2001లో మొదలైంది. 2000లో ఇండియానాకి ట్రేడ్ అయిన మొదటి సీజన్‌లోనే దాదాపు 13 పాయింట్లు, 10 రీబౌండ్ల సగటు. 2002 నుంచి వరసగా ఆరుసార్లు ఆల్‌స్టార్. ప్రాక్టీస్‌లో రోజూ సబోనిస్, వాలెస్‌లతో తలపడ్డాడు కాబట్టే అలా తయారయ్యాడని కొందరంటారు. నా మాటేమిటంటే, పెంచింది పోర్ట్‌లాండ్, పంట కోసుకుంది ఇండియానా. ఆ నాలుగేళ్లలో అతను మ్యాచ్‌లు ఆడి ఉంటే అతని విలువ పోర్ట్‌లాండ్‌కే ముందు తెలిసేది. జట్టు వైపు నుంచి చూస్తే బెంచీ వల్ల ఇదొక పెద్ద నష్టం. తమ చేతిలో ఏముందో తమకే తెలియదు.

ఫ్రిస్కో రవి
నరసింహ గారూ, ఈ కోణం నేను ఆలోచించలేదు. జెరెమీ లిన్ కూడా అంతే కదా. 2012 జనవరిలో న్యూయార్క్ నిక్స్ వాళ్లు డీ-లీగ్‌లోని ఈరీ జట్టుకి పంపారు, అక్కడ 28 పాయింట్లతో ట్రిపుల్ డబుల్ (మూడు విభాగాల్లో పది లేదా అంతకు మించి) చేశాడు. రెండు వారాల తర్వాత నెట్స్ మీద 25 పాయింట్లతో మొదలైన సంచలనం అందరికీ తెలుసు.

హైదరాబాద్ హూప్స్
మరి పరువు సంగతి? ఏజెంట్లు, ఇంట్లోవాళ్లు, సోషల్ మీడియా. కుర్రాడు మానసికంగా తట్టుకుంటాడా? పైన చార్టర్ విమానం, కింద మామూలు ప్యాసింజర్ విమానంలో మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి.

మిసిసాగా మధు
శాన్ ఆంటోనియోని చూడండి. 2007లోనే కింద లీగ్‌లోని ఆస్టిన్ జట్టుని కొనేశారు. డిజాంటే మర్రీ, డెరిక్ వైట్, కెల్డన్ జాన్సన్ ముగ్గురూ 29వ పిక్‌లే, ముగ్గురూ ఆస్టిన్‌లో ఆడినవాళ్లే. అక్కడికి వెళ్లడం అక్కడ శిక్ష కాదు, కొత్తవాళ్లందరూ నడిచే దారి. డెరిక్ వైట్ 2018లో ఆస్టిన్‌తో జీ లీగ్ టైటిల్, 2024లో బోస్టన్‌తో ఎన్‌బీఏ టైటిల్ గెలిచాడు. అందరినీ పంపితే ఎవరికీ అవమానం ఉండదు. జట్టు ఓడిపోయాక కోపంతో ఒక్కణ్ని పంపితే అవమానమే.

బే ఏరియా భాస్కర్
ఇప్పుడు 30 ఎన్‌బీఏ జట్లకీ తలా ఒక అనుబంధ జీ లీగ్ జట్టు ఉంది, 2024లో ఫీనిక్స్ కూడా పెట్టేసింది. అందుకే పంపాలా వద్దా అన్నదాని కంటే పంపాక ఏం చేస్తున్నారన్నదే నా ప్రశ్న. టూ-వే వాళ్లకి ఎన్‌బీఏలో 50 మ్యాచ్‌ల పరిమితి ఉంది, ప్లేఆఫ్స్ ఆడనివ్వరు. ఆ నిబంధన వల్ల కొన్ని జట్లు మంచి ఆటగాణ్ని కూడా లెక్క చూసుకుని వాడతాయి. అది మారాలి.

హైదరాబాద్ హూప్స్
చివరగా ఒకటి అడుగుతాను. మన దేశం నుంచి ఇంకో కుర్రాడికి ఈ అవకాశం వస్తే ఏ దారి పట్టాలి? ప్రిన్స్‌పాల్ సింగ్ 2020-21లో కుర్రాళ్ల కోసం పెట్టిన జీ లీగ్ ఇగ్నైట్ జట్టుకి వెళ్లాడు, జేలెన్ గ్రీన్, కుమింగాలతో. అక్కడ కూడా నిమిషాలు పెద్దగా దొరకలేదు. ఆ ఇగ్నైట్‌ని 2024లో మూసేశారు.

విజయవాడ కోచ్
నన్నడిగితే, పేరున్న జట్టు కంటే ఆడించే జట్టు ముందు. ఆసియాలోనో, యూరప్ రెండో డివిజన్‌లోనో మ్యాచ్‌కి 25 నిమిషాలు ఇస్తామంటే ముందు అక్కడికి వెళ్లి రెండేళ్లు ఆడాలి. కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేముందు కోచ్‌ని మూడు అడగాలి. నాకు ఏ పని ఇస్తారు, ఎన్ని నిమిషాలు, నేను వరసగా తప్పులు చేస్తే ఏం చేస్తారు. మూడోదానికి సూటిగా జవాబు చెప్పే కోచ్ దొరికితే డబ్బు కాస్త తక్కువైనా ఒప్పుకోవచ్చు.

లేకర్స్ లలిత
కోచ్ గారి మాటకి నా ఓటు. కానీ సెంటర్ల విషయంలో నా అనుమానం తీరలేదు. భాస్కర్ గారు చెప్పినట్టు కింద గార్డ్‌లు బంతి ఇవ్వరు. గోబేర్, క్లింట్ కపేలా అనే ఇంకో సెంటర్ ఇద్దరూ బంతి చేతిలో లేకుండానే పనికొచ్చే రకం కాబట్టి నెగ్గారు. పాసింగ్ మీద ఆధారపడే సెంటర్‌ని జీ లీగ్‌లో పెంచిన జట్టు ఏదైనా ఉంటే చెప్పండి, ఆ మ్యాచ్‌లు వెతికి చూస్తాను.